శుక్రవారం విమానంలో నూటపద్దెనిమిది సీట్లు

వెల్సాక్,
సోమవారం, 22 అక్టోబర్ 2018

అల్లుడు ఫింటన్‌కు,

మా సొలేన్‌కూ నీకూ విడాకులై రెండేళ్లు దాటింది కదా, ఇంకా అల్లుడని ఎలా పిలుస్తారని మొన్న మందుల షాపు బెరెనీస్ అడిగింది. "మాజీ అల్లుడని రాస్తే కవరు మీద చోటు చాలదు" అన్నాను. ఇక్కడున్నప్పుడు నోరు విప్పకుండా, వెళ్లాక ఉత్తరం రాస్తానేమిటని నువ్వూ నవ్వుతుంటావు. నువ్విక్కడుండే రెండు రోజులూ మీ పాప అనూక్‌వి. మన మాటలకు కాగితం ఉంది.

నిన్న నీ విమానం లేచాక పాప కారులోనే పడుకుంది. ఊడిన కింది పన్ను నీకు చూపించాలని మూడు రోజులుగా దాచి, చూపించడం మరిచిపోయింది. ఇంటికొచ్చాక ఏడ్చింది. రెండో తారీకున చూస్తాడులే అని చెప్పాను.

అసలు సంగతికొస్తాను. మన విమానాశ్రయానికీ నువ్వు పనిచేసే విమానాల కంపెనీకీ ఉన్న ఒప్పందం మార్చి నెలాఖరుతో తీరిపోతుంది. దిగిన ప్రయాణికుడికి ఇంత చొప్పున మా జిల్లా మండలి మీకు ఏటా 'ప్రచార సహాయం' ఇస్తోంది. విమానం దింపుకున్నందుకు కంపెనీ ఊరికి కట్టాలి గానీ ఊరు కంపెనీకి కట్టడమేమిటని పదకొండేళ్ల కిందట నేనే జిల్లా పత్రికలో రాశాను. అప్పుడు రాసింది తప్పు కాదు. ఇప్పుడు నా మనవరాలి నాన్న అదే విమానంలో వస్తున్నాడు కాబట్టి, ఆ వ్యాసం సంగతి ఎవరికీ గుర్తు చెయ్యడం లేదు.

మీవాళ్లు సహాయం పెంచమంటున్నారట. మండలి మా వల్ల కాదంటోంది. పోయిన ఏడాది పక్క జిల్లాలో ఇలాగే మొదలై, ఒక రూటు ఎత్తేశారు. అక్కడి విమానాశ్రయంలో ఇప్పుడు ఆదివారాలు పాత కార్ల సంత జరుగుతోంది.

కుటుంబ న్యాయమూర్తి దగ్గర మీరిద్దరూ రాసుకున్న కాగితం నకలు నా బీరువాలో ఉంది. రెండు వారాలకొకసారి, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా పాప నీతో మా పైగదిలో ఉంటుంది. వరసగా మూడుసార్లు నువ్వు రాకపోతే సొలేన్ మళ్లీ విచారణ అడగొచ్చు. ఆ కాగితమంతా ఈ ఒక్క విమానం మీద నిలబడింది. ఏ ఊరికి విమానం వెయ్యాలో తేల్చే శాఖలో కూర్చున్నది నువ్వే. సూటిగా అడుగుతున్నాను: ఈ రూటు ఉంటుందా, పోతుందా? నిలబెట్టుకోవడానికి మేం చెయ్యగలిగిందేమైనా ఉందా?

మోకాలి నొప్పి అలాగే ఉంది. అక్రోట్లు ఈసారి బాగా కాశాయి. ఒక సంచి నీకోసం తీసిపెట్టాను. పెట్టెకు వేరే డబ్బు గుంజుతారుగా మీవాళ్లు, జేబుల్లో పోసుకుని వెళ్దువుగాని.

నీ మామ
ఓక్టావ్

*

డబ్లిన్,
మంగళవారం, 30 అక్టోబర్ 2018

మామయ్యా,

మీ ప్రశ్నకు నేను జవాబు చెప్పకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే మాచేత సంతకం పెట్టించుకుంటారు, ఏ రూటు ఉంటుందో ఏది పోతుందో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదని. మీరు నాకు ఇంట్లోవాళ్ల కింద వస్తారో రారో మా లాయర్లకు కూడా తెలియదు, అయినా చెప్పలేను. కోపం తెచ్చుకోకండి.

మా వ్యాపారం ఎలా నడుస్తుందో మాత్రం చెప్పొచ్చు, అదేమీ రహస్యం కాదు. మా విమానాలన్నీ ఒకే రకం. ఏ పైలట్ అయినా ఏ విమానమైనా నడుపుతాడు. నేల మీద ఆగేది ఇరవై అయిదు నిమిషాలే. ఒక గుంపు దిగుతుండగానే రెండో గుంపు క్యూలో నిలబడి ఉండాలి. విమానం ఆగి ఉంటే మాకు దండగ. మా శాఖ పెద్దావిడ ఓర్లా అంటుంది, "మనకు పోటీ ఇంకో కంపెనీతో కాదర్రా, ఖాళీ సీటుతో" అని. పాలప్యాకెట్టు ఇవాళ అమ్ముడుపోకపోతే రేపు పెరుగైనా అవుతుంది. సీటు అలా కాదు, తలుపు మూసేసరికి దాని పని అయిపోతుంది.

టికెట్ ధర కూడా అందుకే అలా మారుతూ ఉంటుంది. మొదటి సీట్లు కాఫీ ఖరీదుకే ఇస్తాం. సీట్లు నిండేకొద్దీ ధర ఎక్కుతుంది. నవంబర్లోనే జనవరి టికెట్టు కొనుక్కున్నవాడు తెలివైనవాడు. ఇంతకు మించి రాయలేను. ఒక్క మాట మాత్రం, నేనున్న ఆరేళ్లలో నిండే రూటును ఎత్తెయ్యగా చూడలేదు. కంగారు పడకండి.

పన్ను సంగతి అనూక్ ఫోన్లో చెప్పింది. డబ్బాలో పెట్టి తాతయ్య బీరువాలో దాచిందట. రెండో తారీకున వస్తున్నాను. సొలేన్‌ను అడిగానని చెప్పండి.

మీ
ఫింటన్

*

వెల్సాక్,
సోమవారం, 3 డిసెంబర్ 2018

అల్లుడికి,

నిన్న నిన్ను దింపి వస్తుంటే దారిలో మంచు కురిసింది. అనూక్ కారు అద్దం మీద విమానం బొమ్మ గీసింది. రెక్క ఒకటే పట్టింది.

నీ అక్టోబర్ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నలభై ఏళ్ల పత్రిక ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. మంత్రి నోరు మూసుకున్నప్పుడు గుమాస్తా చెప్పిన మాట విను అని. నువ్వు చెప్పకూడనిది చెప్పలేదు, చెప్పదగ్గది చెప్పావు. చాలు.

నీకు చెప్పకూడనివి నా దగ్గరా కొన్ని ఉన్నాయి. నీకు తెలిస్తే నీ ఉద్యోగానికే ఇబ్బంది. అందుకని పోయిన నెల మేయరు ఆఫీసులో జరిగిన సమావేశం గురించి సగమే రాస్తున్నాను. నూటముప్పైమంది వచ్చారు. మా ఊళ్లో పెళ్లికి కూడా అంతమంది రారు. వేటగాళ్ల సంఘం అధ్యక్షుడు లేచి, "నా కొడుకు డబ్లిన్‌లో వంట చేస్తున్నాడు. ఈ విమానం పోతే వాణ్ణి చూడ్డానికి పడవెక్కమంటారా?" అని అరిచాడు. "నీ కొడుకు వంట తిన్నాక నువ్వు ఈదుకుంటూ వచ్చేస్తావులే" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అంతా నవ్వాక బెరెనీస్ మాట్లాడింది. అరుపులు లేవు, లెక్కతో మాట్లాడింది. ఆమెకు ఆ లెక్క ఇచ్చింది నేను. ఇంతవరకే.

జనవరి నుంచి చూడు. మీ ఆఫీసులో వెల్సాక్ పేరు వినబడుతుంది.

పధ్నాలుగో తారీకున నువ్వొచ్చేటప్పుడు మీ ఊరి ఉప్పు వెన్న తీసుకురా. సొలేన్‌కు ఇష్టమని అనను. నాకే అని చెప్పు.

మామ

*

డబ్లిన్,
సోమవారం, 14 జనవరి 2019

మామయ్యా,

శుక్రవారం రాలేకపోయాను. సొలేన్‌కు గేటు దగ్గరనుంచే ఫోన్ చేశాను. "సరే" అని పెట్టేసింది. ఆ "సరే" ఎలాంటిదో మీకు తెలుసు. అనూక్‌కు మీరే నచ్చజెప్పాలి.

జరిగింది ఇంతే. విమానం నిండిపోయింది. నూట ఎనభై తొమ్మిది సీట్లకు నూట ఎనభై తొమ్మిదీ. జనవరి రెండో వారంలో వెల్సాక్ విమానం నిండడం నేను ఎరగను. స్టాఫ్‌కు సీటు లేదన్నారు. అక్కడ నిలబడి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇలాగే నిండితే ఇక ఈ రూటుకు భయం లేదని ఒక పక్క. పాప అరైవల్స్ తలుపు దగ్గర నిలబడి ఉంటుందని ఇంకో పక్క.

ఇరవై అయిదో తారీకున తప్పకుండా వస్తాను.

ఫింటన్

*

వెల్సాక్,
సోమవారం, 21 జనవరి 2019

ఫింటన్‌కు,

నీ ఉత్తరం అందింది. ఆ శుక్రవారం సొలేన్, పాపలతో పాటు నేనూ విమానాశ్రయంలోనే ఉన్నాను. దిగినవాళ్లను చూశాను.

నువ్వు రాసిందీ నేను చూసిందీ కలవడం లేదు. కలవకపోవడానికి నాకు తెలియని కారణం ఏదో ఉండే ఉంటుందనుకుంటున్నాను. అందుకని ఇప్పుడు అడగను.

ఇరవై అయిదున రా.

ఓక్టావ్

*

డబ్లిన్,
సోమవారం, 28 జనవరి 2019

మామయ్యా,

మళ్లీ నిండిపోయింది. మళ్లీ నూట ఎనభై తొమ్మిది. గేటులో ఉన్న అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "ఇవాళ కూడా మీ అదృష్టం బాగోలేదండీ" అంది. బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కి వచ్చేశాను.

కలవనిదేమిటో రాయండి. నేను చూసింది నేను రాశాను.

ఎనిమిదో తారీకుకు ఈ విమానాన్ని నమ్ముకోను. వేరే కంపెనీలో బోర్డోకు టికెట్టు కొన్నాను. అక్కడినుంచి రైలు, ఆ తర్వాత బస్సు. శుక్రవారం పొద్దున్నే బయల్దేరితే సాయంత్రం భోజనాలకు మీ ఇంట్లో ఉంటాను. ఆ రోజుకు సెలవు కూడా పెట్టాను. అనూక్‌కు మాటిచ్చాను, మీరూ చెప్పండి.

ఫింటన్

*

వెల్సాక్,
సోమవారం, 11 ఫిబ్రవరి 2019

ఫింటన్ గారికి,

మీరు శుక్రవారం రాలేదు. ఆఫీసులో అత్యవసర సమావేశం అని ఫోన్లో సొలేన్‌తో చెప్పారట. మూడోసారి.

మీరు మొదటి రెండుసార్లు విమానం నిండిందని రాశారు. నాకు తెలిసిన నిజాలు ఇప్పుడు రాస్తాను. తప్పుంటే దిద్దండి.

జనవరి 11న ఆ విమానంలోంచి దిగినవాళ్లు డెబ్భై ఒక్క మంది. జనవరి 25న అరవై తొమ్మిది. నేను అరైవల్స్ తలుపు పక్కనే నిలబడి కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టాను. రెండోసారి ఆఖరి మనిషి వెళ్లాక కూడా పాప అక్కణ్నుంచి కదల్లేదు. అక్కడ తలుపులేసే పని కూడా చూసే ఫైరింజను మనిషి వచ్చి, "ఇంక లోపల ఎవరూ లేరమ్మా, తలుపేసేశాం" అన్నాడు. "సరిగ్గా చూశారా?" అని అడిగింది. వాడు మళ్లీ వెళ్లి చూసొచ్చాడు, పాపం.

సగానికి పైగా ఖాళీగా ఉన్న విమానంలో ఆ కంపెనీ ఉద్యోగికే సీటు దొరకలేదని మీరు రాశారు.

ఆ సీట్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయో కూడా నాకు తెలుసు. వాటిని కొన్నది మేమే. ఖాళీ సీటే మీ శత్రువని, నిండే రూటును ఎత్తెయ్యరని మీరు రాశారు. నవంబర్లో జనవరి టికెట్టు కాఫీ ఖరీదని కూడా మీరే రాశారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రతి శుక్రవారం వచ్చే విమానంలోనూ, ఆదివారం పోయే విమానంలోనూ నూటపద్దెనిమిది సీట్లు ఈ ఊరు కొంది. మండలి కొంత వేసింది, అంగళ్లవాళ్లు కొంత వేశారు. వేటగాళ్ల సంఘం, చర్చి పాటల బృందం, పెన్షనర్లు పేర్లిచ్చారు. ఎవరికీ అనుమానం రాకూడదని ప్రతి గురువారం బెరెనీస్ మందుల షాపు మూసి, వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, అందరూ ఎక్కుతున్నట్టు చెకిన్ కూడా చేస్తోంది. మీకు ఇబ్బంది రాకూడదని నేనే మీకు చెప్పనివ్వలేదు.

ఇంత పని ఎవరికోసం చేశామో, ఆయనే రావడం మానేశాడు.

సొలేన్ నన్ను అడిగింది, "నాన్నా, విమానం నిజంగా నిండిందా?" అని. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నేను లెక్కపెట్టిన సంఖ్య చెప్పాను. ఆమె లాయరును కలిసింది.

ఓక్టావ్

*

డబ్లిన్,
శనివారం, 16 ఫిబ్రవరి 2019

మామయ్యా,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. మీరు దిద్దమన్నారు. మీ లెక్కలో తప్పు లేదు. నా మాటలోనూ తప్పు లేదు. ఆ రెండూ ఎలా కుదురుతాయో చెబుతాను. ముందే చెప్పకపోవడం మాత్రం నా తప్పు.

నాకు ఈ విమానంలో సీటంటూ లేదు. ఏనాడూ లేదు. మా కంపెనీ స్టాఫ్‌కు ఇచ్చేది మిగిలిపోయిన సీటు. డబ్బిచ్చినవాళ్లంతా చెకిన్ అయ్యాక ఖాళీ ఉంటేనే మమ్మల్ని ఎక్కిస్తారు. రూట్ల శాఖలో ఉన్నవాళ్లం మామూలు టికెట్టు కొనకూడదు కూడా, ధరలు మాకు ముందే తెలుస్తాయని. రెండేళ్లుగా అనూక్ దగ్గరకు నేను వచ్చింది ఎవరికీ అక్కర్లేని సీట్లో. న్యాయమూర్తి ముందు సొలేన్ అడిగింది, "ప్రతిసారీ రాగలవా?" అని. కంపెనీ సీటిస్తుందని చెప్పాను. మిగిలితేనే ఇస్తుందని చెప్పలేదు. ఆ మాట అప్పుడు చెప్పి ఉంటే రెండు వారాలకోసారి అన్నది కాగితం మీద పడేది కాదు.

బెరెనీస్ చెకిన్ చేసిన నూటపద్దెనిమిది మందీ గేటు దగ్గర మాకు మనుషులే. తలుపు మూసేదాకా వాళ్లకోసం ఆగుతారు. మూశాక నన్ను ఎక్కించడానికి నిమిషం ఉండదు. ఇరవై అయిదు నిమిషాల్లో మళ్లీ లేవాల్సిన విమానం అది. క్యూ పొట్టిగా ఉందని నాకూ అనిపించింది. కానీ స్క్రీన్ మీద 189 ఉంది. నేను స్క్రీన్‌ను నమ్మాను. మీరు మనుషుల్ని లెక్కపెట్టారు.

ఎనిమిదో తారీకు సంగతి. సంతకం పెట్టిన మాట తప్పి ఇప్పుడు రాస్తున్నాను. మార్చి తర్వాత మూడు రూట్లు తీసెయ్యాలి. ముప్పై రూట్లను వరసలో పెడతాం. నవంబర్లో వెల్సాక్ అడుగునుంచి అయిదోది, గట్టెక్కే చోటే. సమావేశం శుక్రవారానికి మార్చారని పొద్దున విమానాశ్రయానికి వెళ్లే బస్సులో ఉండగా తెలిసింది. వెనక్కి తిరిగాను. నేను లేకపోతే వెల్సాక్ గురించి నోరెత్తేవాళ్లు ఎవరూ ఉండరని.

జనవరి లెక్కలు గోడ మీద వేశారు. అమ్మినవి 189. ఎక్కినవాళ్లు డెబ్భై. ఓర్లా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. "ఇదెక్కడి ఊరయ్యా? టికెట్లు కొంటారు, విమానం ఎక్కరు. రానివాళ్లు శాండ్‌విచ్ కొనరు, పెట్టెకు కట్టరు, వాళ్ల లెక్కన మండలి ఇచ్చే సహాయమూ రాదు" అంది. నేను మీకు చెప్పని సగం అది. టికెట్టు మాకు గుమ్మం లాంటిది. రాబడి అంతా మనిషి లోపలికొచ్చాకే. మీ సీట్లు కాఫీ ఖరీదుకు పోయాయి. ఆఖరి వారంలో ఎక్కువ పెట్టి కొనే అసలు ప్రయాణికులు సీటు లేక బోర్డోకు మళ్లారు. ఎప్పుడూ నూట ఇరవైమంది ఎక్కే విమానం డెబ్భైకి పడింది. వెల్సాక్ అడుగునుంచి రెండోదైంది.

నిన్న మీ ఉత్తరం తీసుకుని ఓర్లా దగ్గరకు వెళ్లాను. ఆమె ఓపిగ్గా విని, "ఊరంతా కలిసి కొన్నారా? మీ మామగారికి నా దండం చెప్పు" అంది. తర్వాత, "పాపం అనిపిస్తోంది గానీ, ఫింటన్, జనవరి విమానాల్ని మళ్లీ నడపలేం కదా. అయినా నిండినా సరే, అదే నాలుగు గంటల్లో ఆ విమానం ఇంకోచోట ఎక్కువ తెస్తే అటే పంపుతాం. అది నీకు తెలియనిదా?" అంది. తెలుసు. నిండే రూటును ఎత్తెయ్యరని మీకు రాసినప్పుడూ తెలుసు. మీకు ధైర్యం చెప్పాలనుకున్నాను.

ఈ ఉత్తరం సొలేన్‌కు చూపించండి.

ఫింటన్

*

వెల్సాక్,
సోమవారం, 25 ఫిబ్రవరి 2019

అల్లుడికి,

పోయిన ఉత్తరంలో నిన్ను మీరు అన్నాను. అది కొట్టేసినట్టు చదువుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజే సొలేన్‌కు ఇచ్చాను. స్కూలు సెలవులు, పాపతో సముద్రం దగ్గరకు బయల్దేరబోతోంది. వంటగదిలో నిలబడే చదివింది, రెండుసార్లు. "రెండేళ్లు మిగిలిపోయిన సీట్లో వచ్చాడా?" అంది. విచారణ వెనక్కి తీసుకోమని నేను బతిమాలాను. నా కూతుర్ని నేను బతిమాలడం అదే మొదటిసారి. "నాన్నా, నాకిప్పుడు కోపం లేదు. కానీ విమానమే ఉండదంటున్నాడుగా. ఏ శుక్రవారం అని రాయించుకోను? అది ప్రతి శుక్రవారం తలుపు దగ్గర నిలబడాలా?" అంది. విచారణ తేదీ మార్చి 19.

బెరెనీస్‌కు నేనే చెప్పాను. గురువారం ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉంది, పక్కన పాటల బృందం పేర్ల జాబితా. విని, జాబితా నావైపు తిప్పింది. "అయితే ఇప్పుడు చెకిన్ చెయ్యాలా, వద్దా?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. చేస్తే నీలాంటివాడు ఇంకొకడు ఆగిపోతాడు, చెయ్యకపోతే ఊరి డబ్బుతో కొన్న సీట్లు వృథా. చివరికి చెయ్యలేదు.

ఊళ్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. వేటగాళ్ల అధ్యక్షుడు మాత్రం రొట్టెల దుకాణంలో, "మీరు లెక్క చెప్పారు కాబట్టి నమ్మాం, ఓక్టావ్ గారూ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

నువ్వు ఉద్యోగం మానేసి ఇక్కడికొచ్చే ఆలోచన ఏమైనా ఉందా? ఇక్కడ పని దొరకదని తెలిసే అడుగుతున్నాను.

మామ

*

డబ్లిన్,
గురువారం, 7 మార్చి 2019

మామయ్యా,

ప్రకటన నిన్న వచ్చింది. మీ పాత పత్రికలో ఈపాటికి వేసే ఉంటారు. వెల్సాక్‌కు మార్చి 24 ఆదివారం ఆఖరు. మండలి చివర్లో సహాయం పెంచుతామని ఫోన్ చేసిందట, అప్పటికే ఆ విమానాన్ని గ్రీసులో కాలిథ్రా అనే దీవికి వేసేశారు. వేసింది నేను కాదు. మీ ఉత్తరం చూపించాక, సొంతవాళ్లున్న ఊరి లెక్క నువ్వు చూడకూడదంటూ ఓర్లా నన్ను ఆ పని నుంచి మార్చింది. ఆమె తప్పు లేదు. నేను ముందే చెప్పి ఉండాల్సింది.

మీ ప్రశ్న గురించి రాత్రీపగలూ ఆలోచించాను. అక్కడికొస్తే నాకు వచ్చే పని ఏదీ లేదు. నా ఫ్రెంచి ఎంతో కూడా మీకు తెలుసు, రొట్టె కొనడానికి సరిపోతుంది. నేను పంపేది ఆగిపోతే సొలేన్ ఇంటి అద్దె ఆగిపోతుంది. ప్రతిసారీ సెలవు దొరకదు, శుక్రవారం ఆఫీసయ్యాక బోర్డో మీదుగా వస్తే శనివారం మధ్యాహ్నానికి చేరి, ఆదివారం పొద్దున్నే లేచి వెళ్లిపోవాలి. పాప సగం సమయం బస్టాండులోనే ఉంటుంది. లాయరుకు ఇదంతా రాశాను. ఆయన, "పాపను స్కూలు సెలవుల్లో మీ దగ్గరకు ఇస్తారు, అంతకంటే ఆశ పెట్టుకోకండి" అన్నాడు.

22న రావడానికి సొలేన్ ఒప్పుకుంది. టికెట్టు కొనుక్కోవడానికి ఓర్లా ఈ ఒక్కసారికి అనుమతిచ్చింది. నా పేరుతో సీటుంది. 14సి.

ఫింటన్

*

వెల్సాక్,
మంగళవారం, 26 మార్చి 2019

అల్లుడికి,

నువ్వు అడగలేదు గానీ, నువ్వు వెళ్లాక ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి. వరసగా రాస్తాను.

నువ్వు లోపలికెళ్లాక మేం కంచె దగ్గరకు వచ్చాం. ఊళ్లోవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరూ పిలవలేదు, వచ్చారు. పాటల బృందం వచ్చింది గానీ పాడలేదు. విమానం అయిదు నిమిషాలు ముందే కదిలింది. నువ్వు కిటికీ దగ్గర లేవని అనూక్‌కు తెలుసు, అయినా వెనకనుంచి ముందుకు కిటికీలన్నీ చూసుకుంటూ వచ్చింది. విమానం లేచాక ఫైరింజనువాళ్లు షెడ్డులోకి వెళ్లి తలుపు దించేశారు. పది నిమిషాల్లో పార్కింగు ఖాళీ అయింది.

ఇక స్కూలు సెలవుల్లోనే అన్న కోర్టు ఉత్తర్వు సంగతి పాపతో నువ్వే చెప్పావని సొలేన్ అంది. మంచి పని చేశావు. పాప ఇంట్లో క్యాలెండరు మీద ఈస్టరు సెలవులకు పెన్సిలుతో గీత గీసింది. తర్వాత వేసవికి. మధ్యలో ఏమీ గియ్యలేదు. "వారాలు లెక్కపెట్టను, తాతయ్యా, ఎక్కువున్నాయి" అంది. సొలేన్ వంటగదిలోకి వెళ్లిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర అనూక్ నన్ను అడిగింది, "ఆ విమానం ఇప్పుడు ఏం చేస్తుంది?" అని. వచ్చే శుక్రవారం నుంచి దాన్ని గ్రీసులో ఒక దీవికి పంపుతారని చెప్పాను. ఎందుకని అడిగింది. అక్కడికి ఎక్కువమంది వెళతారని చెప్పాను. కాసేపు సూప్ తాగింది.

తర్వాత, "అక్కడ ఎవరికైనా నాన్న వస్తాడా?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను. నలభై ఏళ్ల పత్రిక ఉద్యోగంలో ఆ మాట నేను చాలామంది దగ్గర విన్నాను, నేనూ అన్నవాణ్ణే. పాప నన్నే చూసింది, నేను దాస్తున్నానేమో అన్నట్టు.

"నాన్నకు రాసి అడుగు. ఆయన ఆఫీసులో తెలుస్తుంది" అంది.

అందుకని అడుగుతున్నాను.

మామ
ఓక్టావ్